రేవులో పదిహేడు శాతం

ఆఫీసులో అందరూ ఆమెను గళ్ళక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని గళ్ళు చూడటం. ధ్రువాల వైపు సముద్రాల మ్యాపును ఆ ఆఫీసులో గళ్ళు గళ్ళుగా విడగొట్టి పెట్టుకుంటారు. ఒక్కో గడి ఇరవై అయిదు కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. పైన తిరిగే శాటిలైటు వాళ్ళకోసం ఫోటోలేమీ తీయదు. నీళ్ళ నుంచీ మంచు నుంచీ కంటికి కనపడని సన్నటి తరంగాలు పైకి వస్తుంటాయి. మంచు నుంచి ఎక్కువ, నీళ్ళ నుంచి తక్కువ. శాటిలైటు వాటిని పట్టుకుని అంకెలుగా కిందికి పంపుతుంది. మబ్బు పట్టినా, నెలల తరబడి సూర్యుడు మొహం చూపించకపోయినా దాని పని ఆగదు. ఆ అంకెల్ని బట్టి ఏ గడిలో ఎంత శాతం మంచు ఉందో గళ్ళక్కా ఆమె మనుషులూ తేలుస్తారు. పదిహేను శాతమో అంతకు మించో ఉంటే ఆ గడికి తెలుపు రంగు. లేకపోతే నీలం. రోజూ పొద్దున పదింటికల్లా మ్యాపు బయటికి వెళ్ళిపోతుంది.

ఇన్నేళ్ళలోనూ ఆమె చూసిందల్లా తెలుపు తగ్గి నీలం పెరగడమే. మొదట్లో బాధపడేది. తర్వాత్తర్వాత ఆ బాధను ఇంటికి తీసుకెళ్ళకుండా ఉండటం నేర్చుకుంది. ఇంట్లో దానికి చోటు కూడా లేదు. భర్త పళ్ళ డాక్టరు, సాయంత్రం దాకా జనం నోళ్ళలోకి చూసి వచ్చి ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా కాసేపు కూర్చునేవాడు. అత్తగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు అంగళ్ళవాళ్ళ తక్కెళ్ళు పట్టుకుని చెమటలు పట్టించింది. కోడలి పని మీద ఆవిడకు గొప్ప అభిప్రాయమేమీ లేదు. ఎక్కడో భూమి చివర మంచు ఎంతుందో చెప్తుంది గానీ ఫ్రిజ్‌లో జానెడు మంచు పేరుకుపోయిందన్న సంగతి పట్టదని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పేది.

ఆగస్టు రెండో వారంలో ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరపు తీరంలో ఒక చిన్న రేవు నుంచి, అక్కడి రేవు అధికారి రాసింది. మా రేవు ఉన్న గడి ఈ నెల మూడో తేదీ నుంచి మీ మ్యాపులో పదిహేడు శాతం మంచుతో తెల్లగా ఉంది, నిబంధనల ప్రకారం మంచుకాలం ప్రకటించాం, లాంచీ ఆపేశాం, ఈత నిషేధించాం, అయితే ఎండ ముప్పై డిగ్రీలు దాటుతున్నందున ప్రజలు సరిగా సహకరించడం లేదు, కాబట్టి మంచు ఎప్పుడు కరుగుతుందో దయచేసి తెలియజేయగలరు అని అందులో ఉంది. కింద సంతకం, ముద్ర, తేదీ అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

డైరెక్టరుగారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. ఈ ఏడాది మొత్తం మ్యాపులో మంచు పెరిగిన గడి ఇదొక్కటే కదా, వార్షిక నివేదికలో ఒక మంచి మాట రాసుకోవచ్చేమో అని మెల్లగా అన్నారు. గళ్ళక్క ఆయన వైపు చూసింది. ఆ చూపుకి ఆయన మాట మార్చి, పోనీ వెళ్ళి చూసి రమ్మన్నారు.

అత్తగారు కూడా బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులకు ఉప్పునీళ్ళలో నడవమని డాక్టరు చెప్పి మూడు నెలలైంది, ఇంతవరకూ తీసుకెళ్ళిన నాథుడు లేడని ఆవిడ గొడవ. రైల్లో సగం రోజు, బస్సులో రెండు గంటలు. బస్సు దిగేసరికి మధ్యాహ్నం. ఎండ ఫెళఫెళలాడుతోంది. సముద్రం కళ్ళు చెదిరేంత నీలంగా ఉంది. రేవు మెట్ల మీద ఒకతను ఉన్నికోటు వేసుకుని, చెమటలు కక్కుతూ, మంచు మీద కాలు జారకుండా ఉప్పు చల్లుతున్నాడు.

మెట్ల పక్కన ఒక పెద్ద బోర్డు ఉంది. మంచు మీద నడవరాదు అని. ఆ బోర్డు కింద జనం హాయిగా ఈదుతున్నారు. లాంచీ కట్టేసి ఉంది. ఎదురుగా కనపడే దీవిలో మూడొందల మంది ఉంటారట, వాళ్ళకు సరుకులు ఎలా వెళ్తున్నాయని గళ్ళక్క ఆ ఉప్పు చల్లే అతన్ని అడిగింది. మంచుకాలంలో పడవలు తిరగకూడదు గానీ మంచు బళ్ళు తిరగవచ్చు, అందుకని రేవు ఆఫీసువాళ్ళు పన్నెండు పడవల్ని తాత్కాలికంగా మంచు బళ్ళుగా నమోదు చేశారని అతను చెప్పాడు. నిజమే. ప్రతి పడవకీ ముందువైపు ఒక రేకు ముక్క బిగించి ఉంది, దాని మీద బండి నంబరు. తెడ్లను పుస్తకంలో తోపుడు కర్రలని రాశారు.

రేవు అధికారి ఆఫీసు గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, పెద్ద చేతులు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న చలికోటులో ఉడికిపోతూ కూడా లేచి నిలబడి, ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. ప్రయాణం ఎలా జరిగింది, దారిలో మంచు ఏమైనా అడ్డం వచ్చిందా అని అడిగాడు. ఆ అడగడంలో వెటకారం ఇసుమంతైనా లేదు.

గళ్ళక్క నేరుగా విషయానికి వచ్చింది. కిటికీలోంచి సముద్రం చూపించి, అక్కడ మంచు లేదని చెప్పింది.

"మంచు ఉందో లేదో చెప్పాల్సింది నేను కాదు మేడం, మీరూ కాదు. మ్యాపు చెప్పాలి," అన్నాడాయన.

"ఆ మ్యాపు వేసేది నేనే సార్."

"అయితే మ్యాపులో చెప్పండి. నోటిమాట మీద నేను లాంచీ వదిలి, రేపు దానికేదైనా అయితే ఎవరు పూచీ?"

ఒక్కసారి కిటికీలోంచి చూడమని ఆమె బతిమాలింది. ఆయన చూడనన్నాడు. రేవు నిబంధనల పుస్తకం తెరిచి, చూపు మోసం చేయవచ్చు కనుక అధికారి తన కంటిని గాక అధికారిక మ్యాపును నమ్మాలి అన్న వాక్యం వేలు పెట్టి చూపించాడు. పొగమంచు రోజుల కోసం రాసిన వాక్యం అది. కానీ పుస్తకంలో పొగమంచు అన్న మాట లేదు.

వీళ్ళిలా వాదించుకుంటుంటే అత్తగారు కుర్చీలో లేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. అధికారి ఈల ఊదుకుంటూ పరిగెత్తాడు. మంచు మీద జారి పడతారమ్మా, ఈ వయసులో ఎముక విరిగితే అతకదు అన్నాడు.

"ఎక్కడ జారాలి నాయనా, చూపించు. అటు వెళ్ళకుండా ఉంటాను," అంది ఆవిడ.

ఆయన లోపల్నుంచి అడుగున ముళ్ళున్న బూట్లు తెచ్చి, మంచు మీదికి వెళ్ళేవాళ్ళు ఇవి వేసుకోవాలని చెప్పాడు. ఆవిడ వాటిని తిప్పి చూసి, అడుగులు గట్టిగానే ఉన్నాయి, రాళ్ళు గుచ్చుకోకుండా పనికొస్తాయని వేసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది. అక్కడున్న మూడు రోజులూ వాటినే వాడింది.

సాయంత్రం ఎండ కాస్త తగ్గాక గళ్ళక్క రేవు బెంచీ మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. తప్పు ఎక్కడుండాలో ఆమెకు కొంచెం అనుమానం ఉంది. తీరం వెంబడి ఉండే గళ్ళలో కొంత నేల, కొంత నీళ్ళు ఉంటాయి. నేల నుంచి కూడా మంచు నుంచి వచ్చినన్ని తరంగాలు వస్తాయి. పైనుంచి చూసే శాటిలైటుకు ఆ తేడా తెలియదు, నేలను కూడా మంచు అనుకుంటుంది. అందుకని తీరపు గళ్ళన్నిటికీ ఒక పట్టిక ఉంటుంది. ఏ గడిలో ఎంత నేల కలుస్తోందో చూసి అంత తీసేయడానికి. ఈ నెల మూడో తేదీన పాత శాటిలైటును పక్కన పెట్టి కొత్తదాని అంకెలు వాడటం మొదలుపెట్టారు. పాత పట్టికను కొత్తదాంట్లోకి మార్చింది గళ్ళక్కే. ఎవరి మీదా నమ్మకం లేక తనే కూర్చుని మార్చింది.

పాత పట్టికలో నాలుగువేల నూటపదహారు వరుసలున్నాయి. కొత్తదాంట్లో నాలుగువేల నూటపదిహేను. చివరి వరుస, ఈ రేవు గడిది, రాలేదు. వచ్చినవాటిలో ప్రతి అంకెనూ రెండేసిసార్లు సరిచూసింది గానీ, వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

ఇరవై రెండేళ్ళలో తన చేతి మీదుగా ఒక్క తప్పు కూడా బయటికి పోలేదని ఆమెకు ఒక గర్వం ఉండేది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఉండేది. ఇప్పుడు తన వల్ల ఒక ఊళ్ళో లాంచీ ఆగిపోయింది. పడవలు బళ్ళయిపోయాయి. ఒక మనిషి ఆగస్టు ఎండలో ఉన్నికోటుతో ఉప్పు చల్లుతున్నాడు.

అప్పుడే నీళ్ళలోంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న అత్తగారికి మొదట చెప్పింది. దెప్పుతుందనుకుంది. ఆవిడ దెప్పలేదు. తను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక కొట్లో తప్పు తూకం రాయికి ముద్ర వేసి ఇచ్చానని చెప్పింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చిందట. మర్నాడు వెళ్ళి, కొనడానికి వచ్చిన జనమందరి ముందూ, ఇది నా తప్పు అని చెప్పి రాయి వెనక్కి తీసుకుందట.

"ఆ రోజు నాకు తిండి సయించలేదమ్మాయ్. మర్నాడు సయించింది. నువ్వూ చెప్పేసి తిను," అంది.

గళ్ళక్క డైరెక్టరుగారికి ఫోన్ చేసి తప్పు తనదేనని చెప్పింది. ఆ ఒక్క వరుసా కలిపేస్తే రేపటి మ్యాపు సరిగా వస్తుందంది. ఆయన, అలా కుదరదు కదమ్మా, నియమం ఉంది కదా అన్నారు. బయటికి వెళ్ళిన అంకెను గానీ, దాని వెనకున్న పట్టికను గానీ ఎవరి మాట మీదా మార్చకూడదు. ఆ చోట నిలబడి తీసిన కొలత ఉంటేనే మార్చాలి. ఆ నియమం రాసింది గళ్ళక్కే. అంతకు ముందున్న డైరెక్టరు, ఎవరైనా పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారంటే వాళ్ళ మనసు నొచ్చుకోకుండా అంకెల్ని అటూ ఇటూ సర్దేవాడు. ఆయన పోయాక, ఇక ఎవరూ వేలు పెట్టకుండా ఆమె ఆ తలుపు గట్టిగా బిగించింది. ఇప్పుడు తనే బయట నిలబడింది. అయినా ఆ నియమం తప్పని ఆమెకు అనిపించలేదు.

సరే, కొలత పంపిద్దామని పరిశీలన పత్రం తెరిచింది. అందులో మొదటి ప్రశ్నే మంచు మందం ఎన్ని సెంటీమీటర్లు అని. సున్నా కొట్టింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. సున్నా చెల్లదు, మంచు లేని చోట మందం కొలవలేరు, దయచేసి మంచు దగ్గరికి వెళ్ళి కొలవండి అని. ఆ వాక్యం కూడా ఆమెదే. తొమ్మిదేళ్ళ క్రితం కొందరు పరిశీలకులు గడప దాటకుండా ఇంట్లో కూర్చుని సున్నాలు పంపుతున్నారని తెలిసి, వాళ్ళ రోగం కుదర్చడానికి పెట్టింది. కరిగే మంచును గంట గంటకీ కొలిస్తే చివరి వరుసలో మాత్రం సున్నా ఒప్పుకుంటుంది. అంటే మంచు లేదని చెప్పాలంటే ముందు మంచు ఉండాలి.

ఆ పత్రాన్ని మార్చగలిగిన కంప్యూటరు మనిషికి ఫోన్ చేసింది. ఆయన నెలాఖరు దాకా సెలవులో ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె రేవు అధికారి దగ్గరికి వెళ్ళి, తన తప్పు ఏమిటో, అది ఎలా జరిగిందో మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. లోపల సన్నటి నూలుచొక్కా ఉంది. రండి, ఒకటి చూపిస్తానని బయటికి తీసుకెళ్ళాడు.

రేవుకు ఆ చివర ఒక బరువైన పాత ఓడ కట్టి ఉంది. మంచు పగలగొట్టే ఓడ. ముందు భాగం మొద్దుగా, ఇనుపదుంగలా ఉంది. ఇత్తడి చట్రాలన్నీ తళతళలాడుతున్నాయి. ఇంజను గదిలో నేల మీద నూనె చుక్క లేదు. ఆయన ఇరవై అయిదేళ్ళు ఆ ఓడకు సారథి. తర్వాత రేవు అధికారి పని కూడా ఆయనకే అప్పగించారు. చలికాలం రాగానే రేవు గడ్డకట్టేది. ఆయన ఓడ తీసి దారి చేస్తే వెనకాలే లాంచీ వెళ్ళేది. ఆరు చలికాలాలుగా రేవు గడ్డకట్టలేదు. రోజూ పొద్దున ఒకసారి ఇంజను వేసి, పావుగంట తిప్పి, ఆపేస్తాడట. మంచు లేని రేవుకు మంచు ఓడ ఎందుకు, దాని మనిషి ఎందుకు అని పైనుంచి కాగితం వచ్చిందట. వచ్చే మార్చితో రెండూ తీసేస్తారు.

"మంచు లేదని నాకు తెలుసు మేడం," అన్నాడాయన, ఇత్తడి చట్రం మీద లేని మరకను తుడుస్తూ. "నాకూ కళ్ళున్నాయి. కానీ ఆ రోజు మీ మ్యాపు తెరిస్తే మా గడి తెల్లగా కనపడింది. ఆరేళ్ళ తర్వాత. పుస్తకం తీసి, మంచుకాలం అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఎంత బాగా ఆడిందో."

గళ్ళక్క క్షమించమని అడిగింది. మీరెందుకు క్షమాపణ అడుగుతారు, మీరు చెప్పారు, నేను నమ్మాను, నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను అన్నాడు. తర్వాత, మీరు అన్ని లెక్కలు చూస్తారు కదా, ఈ చలికాలమైనా వస్తుందా అని అడిగాడు. మొత్తంగా తగ్గుతోందని చెప్పగలను, ఒక్క గడిలో ఒక్క ఏడాది సంగతి నాకే కాదు ఎవరికీ తెలియదని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తల ఊపాడు.

పత్రం సంగతి తేల్చింది అత్తగారు. సున్నా ఒప్పుకోదని వినగానే ఆవిడ నవ్వింది. నీ కాగితానికి మంచు కావాలి, అంతే కదా, చేపల బజారు వెనక ఐసు ఫ్యాక్టరీ ఉంది అంది. గళ్ళక్క ససేమిరా అంది. కొన్న ఐసును సముద్రంలో పెట్టి కొలిస్తే అది దొంగ కొలతే కదా అంది.

"దొంగ తూకమంటే లేనిది ఉన్నట్టు చూపించడం," అంది అత్తగారు. "నువ్వు ఉన్నదాన్ని కొలుస్తావు. అది ఎక్కణ్ణించి వచ్చిందో కింద రాస్తావు. చదివేవాడు చదువుకుంటాడు. ముప్పై ఏళ్ళు చేసిన పని అమ్మాయ్, నాకు తెలీదా?"

గళ్ళక్క పత్రం అడుగున చూసింది. ఇతర వివరాలు అని ఖాళీ చోటు ఉంది. ఎంతైనా రాయవచ్చు. చాలాసేపు ఆలోచించి సరేనంది.

రేవు అధికారికి ఒక చిక్కు వచ్చింది. మంచుకాలంలో రేవులో బయటి వస్తువులు వేయాలంటే రేవు అధికారి అనుమతి కావాలి. ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని, తనకు తనే అర్జీ రాసుకున్నాడు. ముద్ర వేశాడు. బల్లకు అవతలివైపు వెళ్ళి కూర్చుని, అర్జీ చదివి, ఎంత పెద్ద దిమ్మ అన్నది స్పష్టంగా లేదని వెనక్కి పంపాడు. ఇవతలికొచ్చి కొలతలు చేర్చాడు. రెండోసారి మంజూరైంది.

మూడో రోజు పదింటికి రేవు మెట్ల దగ్గర జనం పోగయ్యారు. గొడుగులు, టోపీలు. ఐసు ఫ్యాక్టరీ ఆవిడ తన దగ్గరున్న వాటిలోకెల్లా నిఖార్సైన దిమ్మను తోపుడు బండి మీద తెచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఐసు చేస్తున్నాను, ఒక్కడూ దాన్ని నిలబడి చూసిన పాపాన పోలేదని మురిసిపోయింది. లాంచీ నడిపేవాడు దిమ్మను చేపల వలలో పెట్టి, తాడు కట్టి, మెల్లగా నీళ్ళలోకి దించాడు.

రేవు అధికారి పూర్తి చలికాలపు దుస్తుల్లో వచ్చాడు. బొచ్చు టోపీ, చేతికి తొడుగులు, పొడవాటి ఇనుప కొలతబద్ద. ఆరేళ్ళుగా పెట్టెలో ఉన్న బద్ద అది. గుడ్డతో తుడిచి దిమ్మకు ఆనించి, ఇరవై నాలుగున్నర అని గట్టిగా చదివాడు. అత్తగారు బద్ద ఇలా ఇవ్వమంది. వేలితో చివర తడిమింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"కింద అరిగిపోయింది నాయనా. అర సెంటీమీటరు లేదు. ఇరవై నాలుగే రాయండి."

ఎప్పట్నుంచి అరిగి ఉంటుందని అధికారి అడిగాడు. ఆవిడ, ఈ అరుగుదల ఒకటి రెండేళ్ళది కాదంది. అయితే ఇన్నేళ్ళూ మంచు నేను రాసినంత మందం లేదన్నమాట అని ఆయన తనలో తను అనుకున్నాడు. ఆయన్ను చూసి గళ్ళక్కకు జాలేసింది. అందులో ఆయన తప్పేమీ లేదని, పాత అంకెలన్నిట్లోనూ అర సెంటీమీటరు తీసేసుకుంటే సరిపోతుందని చెప్పింది. ఆయనకు అది ఊరటగా అనిపించినట్టు లేదు.

పదకొండింటికి పద్నాలుగు. పన్నెండింటికి ఆరు. మొదట్లో జనం నవ్వుకుంటూ, మాట్లాడుకుంటూ ఉన్నారు. ఎవరో దిమ్మ తరఫున, ఎవరో ఎండ తరఫున పందాలు కూడా కాసుకున్నారు. పన్నెండు దాటాక మాటలు తగ్గిపోయాయి. దిమ్మ పలక అంత అయింది. తర్వాత అరచేయంత. అందరూ మెట్ల మీద ముందుకు వంగి చూస్తున్నారు. వల కంతలోంచి ఆ చిన్న ముక్క జారి బయటికి పోతుంటే రేవు అధికారి కోటుతో సహా నీళ్ళలోకి దిగి, దాన్ని దోసిట్లో పట్టుకున్నాడు. బద్ద పెట్టి కొలవడానికి వీల్లేకుండా పోయింది. కాసేపు దోసిట్లోకి చూస్తూ నిలబడ్డాడు.

"సున్నా," అన్నాడు. "పన్నెండూ నలభై."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటో ఇంకేదో.

గళ్ళక్క బెంచీ మీద కూర్చుని పత్రం నింపింది. ఇరవై నాలుగు, పద్నాలుగు, ఆరు, సున్నా. కింద వివరాల్లో ఇలా రాసింది. ఈ మంచు చేపల బజారు వెనక ఫ్యాక్టరీ నుంచి తెచ్చినది. దీనికి ముందు రేవులో మంచు లేదు. ఈ నెల మూడు నుంచి మ్యాపులో చూపిన పదిహేడు శాతం నా పొరపాటు. పత్రం ఒక్క ఎర్ర అక్షరం కూడా చూపించకుండా తీసుకుంది. మర్నాడు పదింటికి ఆ గడి నీలంగా వచ్చింది. రేవు అధికారి తనే నిచ్చెన వేసుకుని బోర్డు దించాడు. లాంచీ కదిలింది. బళ్ళన్నీ మళ్ళీ పడవలయ్యాయి, ఒక్కటి తప్ప. దాని రేకుకు మేకు తుప్పు పట్టి ఊడి రాలేదు. పుస్తకంలో అది ఇప్పటికీ బండే.

ఊరికొచ్చాక గళ్ళక్క తన తప్పు గురించి మ్యాపు తెప్పించుకునే వాళ్ళందరికీ ఉత్తరం రాసింది. తిడతారని సిద్ధపడింది. రెండే జవాబులొచ్చాయి. ఒకరు తమ చిరునామా మారిందన్నారు. ఇంకొకరు మ్యాపు రంగులు బావుంటాయన్నారు. పది రోజుల తర్వాత ప్రధాన కార్యాలయం నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. తీరపు గడిలో మంచు మొదలు నుంచి తుదిదాకా కరగడాన్ని స్వయంగా నిలబడి కొలిచిన మొట్టమొదటి పరిశీలన అట. వివరాలు చదవమని ఆమె తిరిగి రాసింది. ఇంకో ప్రశంసాపత్రం వచ్చింది, ఈసారి చట్రం కట్టించి. మూడో ఉత్తరానికి గానీ అక్కడెవరూ కింది మూడు వాక్యాలూ చదవలేదు. చదివాక ఇక ఏమీ రాయలేదు. చట్రాన్ని డైరెక్టరుగారు తన గదిలో గోడకు తగిలించుకున్నారు.

కంప్యూటరు మనిషి సెలవు నుంచి వచ్చాక, చూసిందేమిటో రెండు మాటల్లో రాస్తే సున్నా కూడా తీసుకునేలా పత్రం మార్పించింది. తర్వాత డైరెక్టరుగారి ముందు ఇంకో కాగితం పెట్టింది. తీరపు గళ్ళలో శాటిలైటు పొరబడుతుంది కాబట్టి, అక్కడ నిలబడి చూసే మనిషి ఒకరు కావాలి, ఆ రేవులో తగిన మనిషి ఉన్నాడు అని. ఆయన నసిగారు. మంచు లేని చోట మంచు పరిశీలకుడా అన్నారు. లేదని చెప్పేవాడు లేకే కదా ఇంత జరిగింది అందామె. ఆరు నెలలు వెంటపడితే కాగితం కదిలింది. మార్చిలో రేవువాళ్ళు ఆయన్ను తీసేసిన రోజునే ఇక్కడివాళ్ళు పెట్టుకున్నారు. ఓడను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. దాన్ని లాక్కుపోయిన రోజు ఆయన ఫోన్ చేయలేదు. రిపోర్టు మాత్రం సమయానికి వచ్చింది.

అప్పటినుంచి రోజూ ఎనిమిదింటికి ఆయన దగ్గర్నుంచి ఒక వరుస వస్తుంది. సున్నా, లేదు. సున్నా, లేదు, గాలి ఉంది. సున్నా, లేదు, లాంచీ ఆలస్యం. గళ్ళక్క అన్నిటికంటే ముందు అదే చదువుతుంది. అత్తగారు కూడా సాయంత్రం అడుగుతుంది, ఆ నాయన ఇవాళ ఏం రాశాడని. కొత్త బద్ద ఒకటి పోస్టులో పంపింది కూడా, తనే సరిచూసి.

ఆ తర్వాతి చలికాలం సగం గడిచాక ఒక పొద్దున సున్నా రాలేదు. ఒకటిన్నర సెంటీమీటర్లు, మెట్ల పక్కన, రెండు గజాల మేర అని వచ్చింది. గళ్ళక్క లేచి నిలబడి చదివింది. మ్యాపు చూసింది. గడి నీలంగానే ఉంది. ఆరువందల పాతిక చదరపు కిలోమీటర్ల గడిలో రెండు గజాలు ఏ మూలకు వస్తాయి? ఆమె దేన్నీ ముట్టుకోలేదు. ఆయనకు ఫోన్ చేసి, మ్యాపులో మాత్రం పడలేదండీ అని చెప్పింది.

"తెలుసు మేడం," అన్నాడాయన. వెనక గాలి హోరు వినపడుతోంది. "మీరు మ్యాపు చూసుకోండి, నేను ఇక్కడ చూసుకుంటాను. ఇంక పెట్టేస్తాను, తొమ్మిదైంది, మళ్ళీ కొలవాలి."